బొడ్డుపేగులో నెత్తురు ఎవరికి?

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇంట్లో కూతురికో కోడలికో ఏడో నెల వచ్చిందంటే మన హడావిడి ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. సీమంతం చీర, గాజులు, పొత్తిళ్ళకి పాత మెత్తటి గుడ్డలు ఉతికి ఎండబెట్టడం, ఏ డాక్టరమ్మ దగ్గర చూపించాలి, అర్ధరాత్రి నొప్పులొస్తే ఎవరి కారు అడగాలి, ఇవన్నీ ఎప్పుడూ ఉన్న ఆలోచనలే. ఈ మధ్య వీటికి తోడు ఇంకొకటి వచ్చి చేరింది. బిడ్డ పుట్టగానే బొడ్డుపేగులో మిగిలిపోయే రక్తాన్ని కంపెనీ వాళ్ళకిచ్చి దాచిపెట్టించాలా, వద్దా అని.

మా ఆడపడుచు కూతురు తాడేపల్లిగూడెంలో ఉంటుంది. వాళ్ళాయన ఉల్లిపాయల మార్కెట్‌లో ఒక షావుకారు దగ్గర లెక్కలు రాస్తాడు. ఆ అమ్మాయి నెలవారీ పరీక్షకి వెళ్ళి వరండాలో కూర్చుంటే, మెడకు టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చి ఎంతో మర్యాదగా రంగుల కాగితం చేతిలో పెట్టాడట. అరవై వేలు కడితే చాలు, బిడ్డ బొడ్డురక్తం ఏళ్ళ తరబడి భద్రంగా ఉంచుతాం, రేపు ఎలాంటి జబ్బొచ్చినా ఆదుకుంటుంది, ఒక్కసారి కట్టలేకపోతే వాయిదాల మీద కట్టొచ్చు అని చెప్పాడట. ఇంతవరకూ బాగానే ఉంది. లేస్తూ లేస్తూ, "రేపు బిడ్డకి ఏమైనా అయితే, డబ్బుకి చూసుకున్నామే అని మీరే బాధపడతారు మేడమ్" అన్నాడట.

చూశారా! నిండు గర్భిణితో అనవలసిన మాటేనా అది? ఆ రాత్రే నాకు ఫోన్ చేసింది. "అత్తయ్యా, గాజులు తాకట్టు పెట్టయినా కట్టేద్దామంటున్నారు ఆయన. ఏం చెయ్యమంటావు?" అంది.

నేను డాక్టరును కాను. పదో తరగతితో చదువు ఆపేసి, పిల్లల్ని పెంచుకుంటూ, అప్పుడప్పుడూ ఇలా రేడియోలో నాలుగు మాటలు చెప్పుకునే గృహిణిని. అయితే అరవై వేల రూపాయల సంగతి, అందులోనూ పసిగుడ్డు సంగతి, తెలుసుకోకుండా సలహా చెప్పకూడదు కదా. తెలిసిన డాక్టరమ్మల్ని అడిగాను, ప్రభుత్వం వేసిన కాగితాలు చదివించుకుని విన్నాను. అలా తెలిసిందే మీకూ చెబుతున్నాను.

ముందు ఈ రక్తం ఏమిటో చూద్దాం. కడుపులో ఉన్నన్నాళ్ళూ బిడ్డ నెత్తురు బొడ్డుపేగు మీదుగా మాయలోకి పోయి, అక్కడ తల్లి నుంచి ప్రాణవాయువు, ఆహారం తీసుకుని మళ్ళీ బిడ్డలోకి వస్తూ ఉంటుంది. తల్లి నెత్తురు వేరు, బిడ్డ నెత్తురు వేరు, రెండూ కలవవు. అంటే బొడ్డుపేగులో తిరిగేది తల్లి రక్తం కాదు, అచ్చంగా బిడ్డదే. ఇందులో మూలకణాలు అని ఉంటాయి. రక్తంలో ఉండే ఎర్ర కణాలు, తెల్ల కణాలు, గాయమైతే నెత్తురు గడ్డకట్టించే కణాలు అన్నీ వీటి నుంచే పుడతాయి. పెద్దవాళ్ళలో ఇవి ఎముకల్లోని మూలుగలో ఉంటాయి. అప్పుడే పుట్టిన బిడ్డకు బొడ్డుపేగులోనూ బాగా దొరుకుతాయి.

ఒకప్పుడు మాయతో పాటు దీన్నీ పారేసేవాళ్ళు. 1988లో పారిస్ నగరంలోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో ఎలియాన్ గ్లూక్‌మన్ అనే డాక్టరమ్మ, ఫాంకోనీ అనీమియా అనే పుట్టుజబ్బుతో మూలుగ ఎండిపోతున్న అయిదేళ్ళ అమెరికా బాబుకు మొట్టమొదటిసారి బొడ్డురక్తం ఎక్కించింది. ఆ రక్తం ఎవరిదనుకున్నారు? ఆ బాబుది కాదు, అప్పుడే పుట్టిన వాడి చెల్లెలిది. అమెరికాలో పట్టి, గడ్డకట్టించి, సముద్రం దాటించి తీసుకువెళ్ళారు. బాబు బతికాడు, పెద్దవాడయ్యాడు. ఆ తరువాత ప్రపంచం మీద నలభై వేలకు పైగా ఇలాంటి చికిత్సలు జరిగాయి. అంచేత బొడ్డురక్తానికి మహిమ లేదని నేననడం లేదు. ఉంది. ఎవరి రక్తం ఎవరికి పనికొచ్చింది అన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి. చెల్లెలి రక్తం అన్నకు పనికొచ్చింది.

రంగుల కాగితం వాళ్ళు ఇక్కడే మనల్ని కొంచెం తికమక పెడతారు. ఈ రక్తంతో ఎనభై జబ్బులు నయమవుతాయి అంటారు. నయమయ్యేవి చాలావరకు రక్తానికి, మూలుగకు, రోగనిరోధక శక్తికి సంబంధించిన జబ్బులు. వాటిలో ఎక్కువ పుట్టుకతో వచ్చేవే. పుట్టుకతో వచ్చిన లోపం ఒంట్లోని ప్రతి కణంలోనూ ఉంటుంది, దాచిన బొడ్డురక్తంలోనూ ఉంటుంది. తెగులు పట్టిన చేలోంచి విత్తనం తీసి గాదెలో ఎంత భద్రంగా దాచినా, మళ్ళీ నాటితే వచ్చేది ఆ తెగులే కదా? తలసేమియాతో పుట్టిన బిడ్డకు తన బొడ్డురక్తమే తిరిగి ఎక్కిస్తే మళ్ళీ తలసేమియా నెత్తురే తయారవుతుంది. పసితనంలో వచ్చే రక్త క్యాన్సరులో కూడా, ఆ జబ్బుకు బీజం పుట్టినప్పుడే ఆ రక్తంలో ఉండి ఉండవచ్చు గనుక డాక్టర్లు సాధారణంగా ఇంకొకరి మూలకణాలే కోరుకుంటారు.

మరి తన రక్తం తనకే పనికొచ్చే సందర్భమే లేదా అంటే, ఉంది, బహు అరుదు. భారత శిశువైద్యుల సంఘం 2018లో ఒక ప్రకటన చేసింది. పుట్టిన ఇరవై ఏళ్ళలోపు తన బొడ్డురక్తం తనకే అవసరమయ్యే అవకాశం 2,500 మందిలో ఒకరి నుంచి 2 లక్షల మందిలో ఒకరి దాకా అని లెక్క చెప్పి, దీన్ని బిడ్డకు 'బీమా' అని చూపించి అమ్మడం తగదంది. అంతకుముందే 2017లో భారత వైద్య పరిశోధనా మండలి జాతీయ మార్గదర్శకాలలో, సొంతానికి ముందు ముందు వాడుకోవడం కోసం బొడ్డురక్తం దాచడానికి శాస్త్రీయమైన ఆధారం లేదని రాసింది. మూగతనం, బుద్ధిమాంద్యం, ఆటిజం, చక్కెర జబ్బు, పక్షవాతం, ఇలా కాగితం మీద ఎన్నెన్నో పేర్లు కనిపిస్తాయి. వాటికి మూలకణాల వైద్యం మామూలు చికిత్సగా మన దేశంలో ఆమోదం పొందలేదు.

ఇంకో సంగతి. ఈ మధ్య రక్తంతో పాటు బొడ్డుపేగు ముక్కను, పాలపళ్ళను, ఇంకా వేటివేటినో కూడా దాచిపెడతామని 'ప్యాకేజీ'లు చెబుతున్నారు. ఇవే మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో నిలవ చేయడానికి అనుమతి ఉన్నది బొడ్డురక్తానికి ఒక్కదానికే. ప్యాకేజీ పెద్దదయిన కొద్దీ మన చేతి గాజులు పలచబడతాయి తప్ప మరేం లేదు.

పాలపళ్ళంటే గుర్తొచ్చింది. ఊడిన బొడ్డును ఎండబెట్టి వెండి తాయెత్తులో పెట్టి పిల్లల మొలతాడుకు కట్టడం మన వైపు ఆనవాయితీ. "చూశారా, మన పెద్దలకు మూలకణాల సంగతి అప్పుడే తెలుసు, జబ్బు చేసినప్పుడు తాయెత్తు విప్పి వాడేవారు" అని సెల్‌ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. మీకూ వచ్చే ఉంటుంది. ఎండి గట్టిపడిన బొడ్డులో బతికున్న కణం ఒక్కటీ ఉండదండీ. తాయెత్తు కట్టుకోండి, ముచ్చటగా ఉంటుంది, మా పిల్లలకీ కట్టాను. దానికి సైన్సు పేరు తగిలించకపోతే పెద్దలకు వచ్చిన లోటేమీ లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా అమ్మాయికి ఆ టై కుర్రాడు చెప్పనిది, నేను తెలుసుకున్నాక ఆశ్చర్యపోయింది ఇదే.

బిడ్డ బయటపడిన మరుక్షణం బొడ్డుపేగు ఆగిపోదు. ముట్టుకుని చూస్తే ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ కాసేపట్లో మాయలో ఉన్న రక్తం బిడ్డలోకి వస్తూ ఉంటుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డకు మొదటి నిమిషంలో సుమారు 80 మిల్లీలీటర్లు, మూడు నిమిషాలకు 100 మిల్లీలీటర్ల దాకా వస్తుందని లెక్క. మనకు అది ముప్పాతిక గ్లాసు కాఫీ. బిడ్డకో? మూడు కిలోల బిడ్డ ఒంట్లో మొత్తం నెత్తురు పావు లీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. అంటే తన నెత్తురులో మూడో వంతు బొడ్డుపేగు దగ్గర క్యూలో నిలబడి ఉందన్నమాట! వెంటనే పేగు బిగించి కోసేస్తే అది మాయలోనే ఉండిపోతుంది. కంపెనీ సంచీలోకి పట్టేది సరిగ్గా ఆ రక్తమే. ఎక్కువ పట్టాలంటే త్వరగా కోయాలి. ఆలస్యంగా కోస్తే సంచీ నిండదు.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ, బిడ్డ బాగా ఏడ్చి ఊపిరి తీసుకుంటున్నప్పుడు నిమిషం గడవకుండా బొడ్డు కోయవద్దని, ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగమని చెబుతోంది. అలా వచ్చిన రక్తంతో పాటు ఇనుము వస్తుంది. ఆ ఇనుము బిడ్డకు మొదటి ఆరు నెలలూ నిలవ సరుకు. తల్లిపాలలో ఇనుము తక్కువే గనుక, పుట్టుకతో తెచ్చుకున్నదే బిడ్డకు ఆధారం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకయితే ఈ ఆలస్యం ఇంకా మేలు చేస్తుంది. సిజేరియను ఆపరేషను అయినా ఆగవచ్చు. బిడ్డ ఏడవకపోతే, ఊపిరి అందకపోతే మాత్రం ఆగకూడదు. డాక్టరు వెంటనే కోసి చూసుకోవాల్సిందే. అక్కడ మనం నిమిషాలు లెక్కపెడుతూ కూర్చోకూడదు. అలాగే ఆలస్యంగా కోసిన పిల్లల్లో కొద్దిమందికి పచ్చకామెర్లకు దీపం కింద పెట్టవలసిన అవసరం కాస్త ఎక్కువ. ఆ సంగతి డాక్టర్లు చూసుకుంటారు.

ఇది వింటే మా అమ్మమ్మ నవ్వేది. వాళ్ళ కాలంలో మంత్రసాని మాయ పడితేగానీ బొడ్డు కోసేది కాదట. అదొక్కటీ మంచిపని. అదే చేత్తో కొడవలితోనో పాత బ్లేడుతోనో కోసి, పైన పేడో బూడిదో అద్దేది కూడా. ఎంతమంది పసివాళ్ళు ధనుర్వాతంతో పోయేవాళ్ళో! పురిటి ధనుర్వాతాన్ని మన దేశం నిర్మూలించిందని 2015లో ప్రకటించారు. కాబట్టి పాతకాలమంతా బంగారమని నేను చెప్పను. ఆ ఓపికను మాత్రం ఇప్పటి ఆసుపత్రిలో శుభ్రమైన కత్తెరతో పాటు అడిగి తెచ్చుకుందాం అంటున్నాను.

మన రాష్ట్రంలో ఆ మూడో వంతు నెత్తురుకు ఎంత విలువో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉందని తేలింది. స్త్రీలలో నూటికి దాదాపు 59 మంది. పచ్చని వరిచేలు, కొల్లేటి చేపలు, కాలవ గట్టున తోటకూర, ఇవన్నీ ఉన్న నేల మీద! కైకలూరు, మండవల్లి, ఆకివీడు వైపు లంక గ్రామాలకు వెళ్ళి చూడండి. చేపలు పట్టేది వాళ్ళే. పెద్ద చేప లారీ ఎక్కుతుంది, మగవాడి కంచంలోకి ముక్క వస్తుంది, ఆవిడ కంచంలోకి పులుసు వస్తుంది. పట్నంలో మనం మాత్రం ఏం తక్కువ? అందరూ తిన్నాక గిన్నె ఊడ్చుకు తినే అలవాటు మనదీనూ. పాలిపోయిన తల్లికి పాలిపోయిన బిడ్డ పుడుతుంటే, ఆ బిడ్డకు రావలసిన నెత్తురును అరవై వేలు ఎదురిచ్చి మరీ సంచీలోకి పట్టించడం ఎలాంటి పనో మీరే ఆలోచించండి.

ఇక్కడ మీలో ఎవరో ఒకరు అడుగుతారు, అయితే బొడ్డురక్తం ఎవ్వరూ దాచకూడదా అని. కాదు. దాచి తీరవలసిన ఇల్లు ఒకటుంది.

ఏలూరు రెడ్‌క్రాస్ రక్తనిధిలో తలసేమియా పిల్లలకు రక్తం ఎక్కిస్తారు. మా స్త్రీల సంఘం తరఫున బిస్కెట్లు, బొమ్మలు పట్టుకుని ఒకసారి వెళ్ళాను. అక్కడ కొల్లేటి లంకల నుంచి వచ్చిన ఒక తల్లి కనిపించింది. పక్కన మంచం మీద ఆరేళ్ళ కొడుకు, చేతికి సూది. మూడు వారాలకొకసారి ఇలా రావలసిందే. రాకపోతే పిల్లవాడు వాడిపోతాడు. తలసేమియా అంటే ఒంట్లో మంచి నెత్తురు తయారు కాకపోవడం. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఆ లక్షణం లోలోపల ఉంటే, వాళ్ళు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటారు గానీ, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ఈ జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. రక్తం ఎక్కించిన కొద్దీ ఇనుము పేరుకుపోతుంది. దాన్ని బయటకు పంపడానికి మళ్ళీ రోజూ మందులు.

ఆవిడకు మళ్ళీ నెల తప్పింది. మూడో నెల. నా చెయ్యి పట్టుకుని, "ఏవండీ, ఈ కడుపులో బిడ్డ బొడ్డు రగతం పెద్దోడికి పనికొత్తదంటండీ, నిజవేనాండీ?" అని అడిగింది.

నిజమే. ఇది అసలైన సందర్భం. 1988లో పారిస్‌లో జరిగింది ఇదే. మొన్న నేను చెప్పుకొచ్చిన 2017 మార్గదర్శకాలు కూడా, ఇంట్లో పెద్దబిడ్డకు ఈ కణాలతో నయం కాగల జబ్బు ఉండి, తల్లి మళ్ళీ గర్భవతి అయితే, అప్పుడు బొడ్డురక్తం దాచడం మంచిదేనని చెబుతున్నాయి. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డల మధ్య పూర్తిగా సరిపోలే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ రక్తం ఒక్కటే చాలకపోతే, చిన్నబిడ్డ కాస్త ఎదిగాక కొంచెం మూలుగ కూడా తీసి కలిపి ఎక్కిస్తారు. తలసేమియాకు మూలుగ మార్పిడి మనకు కొత్తేమీ కాదు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1986 నుంచీ చేస్తున్నారు. ఖర్చు లక్షల్లో ఉంటుంది, అయితే 'తలసేమియా బాల సేవా యోజన' అనే పథకం కింద, కోల్ ఇండియా సంస్థ ఇచ్చే డబ్బుతో, అర్హులైన పిల్లలకు ఎంపిక చేసిన ఆసుపత్రులలో 10 లక్షల రూపాయల దాకా సాయం దొరుకుతుంది.

అయితే ఆ తల్లికి అందరికన్నా ముందు తెలియవలసింది వేరే ఉంది. కడుపులోని రెండో బిడ్డకూ అదే జబ్బు ఉందో లేదో మూడో నెలలోనే పరీక్ష చేసి చెప్పగలరు. రక్తనిధి నుంచే ఒక డాక్టరుగారు హైదరాబాదుకు ఉత్తరం రాసి పంపించారు. దేవుడి దయవల్ల బిడ్డకు జబ్బు లేదని తేలింది. కొల్లేటికోట పెద్దింట్లమ్మకు చీర పెట్టుకుని, మార్పిడి చేసే ఆసుపత్రి వాళ్ళు చెప్పినట్టే పురుడు పోసుకుంది. నిమిషం ఆగి బొడ్డు కోసి, మిగిలిన రక్తాన్ని పట్టారు. ఆడపిల్ల పుట్టింది. పరీక్ష చేస్తే అన్నయ్యకు సరిపోలలేదు.

నాలుగింట ఒక వంతు అంటే మూడు వంతులు కాదనే కదా అర్థం. ఆ పిల్లవాడు ఇప్పటికీ మూడు వారాలకొకసారి తల్లితో కలిసి బస్సెక్కి ఏలూరు వస్తున్నాడు. చంకలో చెల్లెలు. ఇంట్లో సరిపోలే వాళ్ళు లేని రోగుల్లో కొందరికి ఎవరో పరాయి తల్లి దానం చేసిన బొడ్డురక్తం ఉపయోగపడవచ్చు. పరాయివాళ్ళ మూలుగయితే దాదాపు అచ్చుగుద్దినట్టు సరిపోలాలి. బొడ్డురక్తం పసికణాలు గనుక కొంత తేడా ఉన్నా ఒంటికి పడుతుంది. అందుకే 1990ల తొలి సంవత్సరాల్లోనే న్యూయార్క్ రక్తకేంద్రంలో దానం కోసం బ్యాంకు పెట్టారు. అలాంటి బ్యాంకులో ఇచ్చినవాళ్ళు డబ్బు కట్టరు, ఎవరికి అవసరమైతే వాళ్ళకు వెడుతుంది. మన రక్తదానం లాగానే. చెన్నైలో జీవన్ అనే సంస్థ ఇలా దానం కోసం బొడ్డురక్తం సేకరించింది. అయితే ఒక్కో సంచీని శుభ్రం చేసి, పరీక్షలు చేసి, ఏళ్ళ తరబడి గడ్డకట్టించి ఉంచడం ఎంతో ఖర్చుతో కూడిన పని. వాడినప్పుడు తప్ప ఒక్క రూపాయి తిరిగి రాదు. సొంతానికి దాచే కంపెనీలకు ముందే డబ్బు వస్తుంది గనుక అవి ఊరూరా వరండాల్లోకి వచ్చాయి. దానం పుచ్చుకునేవి రాలేదు. ఏలూరులోగానీ గూడెంలోగానీ పురుడు పోసుకున్న తల్లి "నా బిడ్డ బొడ్డురక్తం దానం చేస్తాను, తీసుకోండి" అంటే, చెయ్యి చాపి తీసుకునే ఏర్పాటు లేదు. ఇది మనం పట్టించుకుని అడగవలసిన సంగతి.

ఈ లోపల చేయగలిగింది లేదా అంటే ఉంది. చెన్నైలోనే 2009లో మొదలైన దాత్రి అనే సంస్థ మూలకణాల దాతల పేర్లు నమోదు చేసుకుంటుంది. పద్దెనిమిది నిండిన ఆరోగ్యవంతులు బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి ఇస్తే చాలు. ఎవరికైనా సరిపోలితే కబురు చేస్తారు. కాలేజీలో చదివే మీ అబ్బాయికో అమ్మాయికో చెప్పండి. ఇంకా తేలికైనది మామూలు రక్తదానం. ఎండాకాలం సెలవులొచ్చి కాలేజీలు మూసేస్తే శిబిరాలు తగ్గిపోతాయి, రక్తనిధిలో అలమర ఖాళీ అవుతుంది. తలసేమియా పిల్లలకు సెలవులుండవు కదా! పెళ్ళి కుదిరిన పిల్లలకు జాతకాలతో పాటు తలసేమియా రక్తపరీక్ష కూడా చేయిస్తే, అసలు ఆ బస్సు ఎక్కే అవసరమే ఇంకో తల్లికి రాదు. పెళ్ళికి ముందు కాకపోతే నెల తప్పగానే అయినా చేయించండి.

ఇక దాచే చోటు సంగతి. ఈ సంచీలను ద్రవ నైట్రోజన్ తొట్టెలలో సున్నాకు 196 డిగ్రీలు దిగువన ఉంచుతారు. మన ఫ్రిజ్‌లో మంచుగడ్డ దీని ముందు పొయ్యి మీద ఉన్నట్టే లెక్క. అలా ఇరవై ఏళ్ళు, ఒక్క పూట కూడా తేడా రాకుండా చూడాలి. సింగపూరు ఎంత కట్టుదిట్టమైన దేశమో మనం వింటూనే ఉంటాం. అక్కడ ఒక ప్రైవేటు బ్యాంకులో తొట్టెల చల్లదనం తప్పి, సుమారు 2,200 సంచీలు పాడయ్యాయని 2023 నవంబరులో ఆ దేశ ఆరోగ్యశాఖ ప్రకటించింది. పాపం, ఆ తల్లులందరూ డబ్బు కట్టినవాళ్ళే.

అంచేత మా ఆడపడుచు కూతురికి ఏం చెప్పానంటే, "మీ రెండు వైపులా రక్తపు జబ్బులున్న పిల్లలెవరూ లేరు కదా. మీ ఆయన్ని గాజులు లోపల పెట్టమను. రేపు డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళి 'బిడ్డ ఏడ్చి బాగుంటే, బొడ్డు కోయడానికి నిమిషం దాటే దాకా ఆగండమ్మా' అని ఒక్క మాట చెప్పు. నీ కేసు కాగితం మీద రాయించుకో. ఇనుము మాత్రలు మానకు, వాటిని కాఫీతో మాత్రం వేసుకోకు" అని. ఆ డాక్టరమ్మ నవ్వి, "మేం ఎలాగూ ఆగుతామమ్మా, అడిగేవాళ్ళు మాత్రం నువ్వే మొదలు" అందట. అడగడంలో తప్పు లేదు చూశారా! అన్ని చోట్లా ఆగుతారని చెప్పలేం. రాత్రి రెండింటికి వరసగా నాలుగు పురుళ్ళున్న చోట చెయ్యి తొందరపడుతుంది. కాగితం మీద ఉంటే గుర్తుంటుంది.

కొందరు ఇంకో మాట కూడా చెబుతారు. "మీ బిడ్డది ఒక్కటే కాదమ్మా, మా దగ్గర దాచుకున్న అందరి రక్తంలోంచీ మీకు కావలసింది తీసుకోవచ్చు, ఇదొక సంఘం లాంటిది" అని. విడిగా తనదే దాచుకోవడం కన్నా ఇది కొంత తెలివైన పద్ధతే, నేను కాదనను. పదిమందీ తలా గిద్దెడు పోసిన బియ్యం లాంటిది. కానీ డబ్బు కట్టినవాడికే అందులోంచి పెడతారు. లంకల్లో ఆ పిల్లవాడికి పెట్టరు. చేరాలనుకునేవారు సంతకానికి ముందు నాలుగు సంగతులు అడగండి. కేంద్ర ఔషధ నియంత్రణ అధికారి ఇచ్చిన లైసెన్సు ఉందా, కంపెనీ మూతపడితే మా సంచీ ఎవరి బాధ్యత, ఏటేటా కట్టవలసింది వేరే ఉందా, తీసిన రక్తంలో కణాలు చాలకపోతే డబ్బు తిరిగి ఇస్తారా? అన్నీ నోటిమాటగా కాకుండా కాగితం మీద ఉండాలి. అన్నిటికన్నా ముందు, మా బిడ్డ బొడ్డు నిమిషం ఆగాకే కోస్తారు, మీకు సమ్మతమేనా అని అడగండి. ఆగాక మిగిలినది తీసుకుంటాం అన్నవాళ్ళతో మాట్లాడవచ్చు. వెంటనే కోయాలి అనేవాళ్ళకు నమస్కారం పెట్టి పంపించేయండి.

ఈ ప్రసంగం రాస్తున్నానని తెలిసి, పవర్‌పేటలో మా స్నేహితురాలు బెంగగా అడిగింది. "మూడేళ్ళ కిందటే మా మనవడిది దాచిపెట్టేశాం. ఇప్పుడేం చేయాలి?" అని. దిగులు పడవలసిందేం లేదు. మనవడు చక్కగా ఆడుకుంటున్నాడు. దాచిన కాగితాలు, సంచీ నంబరు ఒక చోట భద్రంగా పెట్టుకోండి. ఇల్లు మారినా ఫోన్ నంబరు మారినా వాళ్ళకు రాసి తెలియజేయండి. తొట్టెల చల్లదనం లెక్క ఏడాదికోసారి చూపించమని ఉత్తరం వేయండి. మీకు రెండో మనవడు పుడితే, వాడికి గానీ దగ్గర బంధువుల పిల్లలకు గానీ రక్తపు జబ్బు కనబడితే, చూసే డాక్టరుకు ఈ సంచీ ఉన్న సంగతి మరిచిపోకుండా చెప్పండి. ఇంక డబ్బు కట్టడం ఇష్టం లేకపోతే, పారేయమని సంతకం పెట్టే ముందు, దాన్ని వేరే రోగులకో పరిశోధనకో ఇచ్చే వీలుందేమో అడిగి, ఆ జవాబు కూడా కాగితం మీదే తీసుకోండి.